మోటారు బతుకుతుంది, ఫోను ఎందుకు బతకదు?

చౌడేపల్లె, పుంగనూరు వైపు బోరు మోటారు కాలిపోతే రైతు ముందు పైపులు ఎత్తిస్తాడు, మోటారును ఆటోలో వేసుకుని వైండింగ్ షాపుకు పోతాడు. వెయ్యి అడుగులు దాటిన బోర్లున్న ప్రాంతం ఇది. ఎత్తించడానికే కూలి దండిగా అవుతుంది. అయినా కాలిన మోటారును పారేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మెకానిక్ దాన్ని విప్పి, మాడిన రాగి తీగను బయటికి లాగి, స్టేటరు గాడిలో ఎన్ని చుట్లున్నాయో, తీగ ఎంత లావో చూసుకుని కొత్త తీగ చుడతాడు. బుష్‌లు, థ్రస్ట్ బేరింగు అరిగి ఉంటే అవీ మారుస్తాడు. మాడిన రాగిని తూకానికి అమ్ముకోవచ్చు. మోటారు మళ్లీ బోరులోకి దిగుతుంది. అదే మోటారు కొన్నేళ్లలో నాలుగైదుసార్లు ఆ షాపు గడప తొక్కినా ఎవరూ వింతగా చూడరు.

అదే వీధిలో సెల్‌ఫోన్ల షాపు ఉంటుంది. అక్కడ వినబడే మాట వేరు. "బోర్డు పోయిందప్పా, కొత్తది ఎత్తుకునేదే మేలు." లేదంటే, "ఫోను బాగానే ఉంది గానీ దీంట్లో ఇంక వాట్సాప్ రాదు." బాగానే ఉన్న వస్తువు ఎందుకు పనికిరాకుండా పోతుందన్నది ఒక్కరి చిరాకు కాదు, ఇప్పుడు ఇంటింటి చిరాకు. దీనికి సగం జవాబు భౌతికశాస్త్రంలో, రసాయనశాస్త్రంలో ఉంది. మిగతా సగం వ్యాపారంలో ఉంది. రెండింటినీ కలిపేసి "అంతా కంపెనీల కుట్ర" అనుకుంటే కంపెనీలకే మేలు, ఎందుకంటే సైన్సు చూపించి తప్పించుకునే దారి వాళ్లకు దొరుకుతుంది. కాబట్టి విడదీసి చూద్దాం.

మోటారు దగ్గరే మొదలుపెడదాం. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, వోల్టేజి పడిపోయినా నీళ్లు తోడే భారం మాత్రం తగ్గదు. అందుకని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంపావు రెట్లవుతుంది. తీగ మీది ఇన్సులేషన్ ఆ వేడికి నెమ్మదిగా విరిగిపోయే పదార్థం. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో ఒక సూత్రంలో చెప్పాడు. ఇంజినీర్లు దాన్ని ముతక లెక్కగా మార్చుకున్నారు: పది డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఈ లెక్కను గుర్తుంచుకోండి. బల్బులోనూ ఫోనులోనూ మళ్లీ ఎదురవుతుంది.

ముందే పాడయ్యేలా వస్తువును తయారుచేశారన్న ఆరోపణకు ప్రపంచమంతా చూపించే ఉదాహరణ బల్బే. 1924 డిసెంబరులో జెనీవాలో ఓస్రామ్, ఫిలిప్స్ వంటి కంపెనీలు ఫీబస్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. అప్పటికి 1,500 నుంచి 2,000 గంటల వరకు వెలిగే బల్బులు ఉండేవి. కూటమి 1,000 గంటలను ప్రమాణం చేసింది. ఎవరి బల్బయినా అంతకన్నా ఎక్కువ కాలం వెలిగితే ఆ కంపెనీకి జరిమానా. బల్బులను పరీక్షించడానికి స్విట్జర్లాండ్‌లో ప్రయోగశాలే నడిపారు. రెండో ప్రపంచ యుద్ధంతో కూటమి చెదిరిపోయింది.

కథ ఇంతవరకే చెప్పి ఆపేస్తారు చాలామంది. టంగ్‌స్టన్ తీగను ఎంత వేడిగా వెలిగిస్తే అంత తెల్లటి కాంతి వస్తుంది, ఒక్కో వాట్‌కు ఎక్కువ వెలుతురు వస్తుంది. కానీ తీగ ఆవిరైపోయే వేగమూ పెరుగుతుంది. చల్లగా వెలిగిస్తే ఏళ్లకేళ్లు ఉంటుంది, కరెంటు మాత్రం వృథా. అమెరికాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బును అందరూ మెచ్చుకుంటారు. అది ఇచ్చే మసక వెలుతురులో పేపరు చదవడం కష్టం. 1951లో బ్రిటన్ గుత్తాధిపత్య విచారణ సంఘం కూడా, అన్ని అవసరాలకూ సరిపోయే ఒకే ఆయుష్షు బల్బుకు లేదని ఒప్పుకుంది. 1,000 గంటల వెనక సైన్సు ఉంది. జరిమానా వెనక మాత్రం లేదు. ఎక్కువ కాలం వెలిగే బల్బు కొనుక్కోవాలా వద్దా అని తేల్చుకునే అవకాశాన్ని కొనేవాడి నుంచి లాగేసుకోవడమే ఆ కూటమి చేసిన నేరం.

ఎల్‌ఈడీలు వచ్చాక ఈ గొడవ తీరాలి. డబ్బా మీద 25,000 గంటలు అని రాస్తారు. రోజుకు ఆరు గంటలు వేసుకుంటే పదకొండేళ్ల పైమాట. మరి రెండేళ్లకే ఎందుకు ఆరిపోతుంది? సాధారణంగా ముందు పోయేది దాని తెల్లటి మూత కింద దాగిన డ్రైవరు సర్క్యూట్. అందులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటుంది, దాని లోపల ద్రవం ఉంటుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలకు హామీ ఉన్న కెపాసిటర్ 95 దగ్గర 4,000, 85 దగ్గర 8,000 గంటలు వస్తుంది. అదే అర్హీనియస్ లెక్క. చిన్న ప్లాస్టిక్ గుల్లలో, గాలి ఆడని హోల్డరులో తలకిందులుగా వేలాడే బల్బులో ఆ ద్రవం ఎండిపోతుంది. పల్లెల్లో కరెంటు వచ్చీపోయేటప్పుడు ఎగదన్నే వోల్టేజి మరికొన్నిటిని చంపుతుంది. ఇదేదీ తప్పించలేనిది కాదు. 2016లో ఫిలిప్స్ దుబాయి నగరపాలక సంస్థ కోసం ఒక బల్బు చేసింది. అందులో ఎక్కువ ఎల్‌ఈడీ ముక్కలు పెట్టి, ఒక్కోదానికి తక్కువ కరెంటు ఇచ్చారు. వేడి తగ్గింది, వాట్‌కు 200 ల్యూమెన్ల వెలుతురు వచ్చింది. అంటే ఎక్కువ కాలం మన్నే బల్బు చేయడం వాళ్లకు తెలుసు. అడిగేవాడు గట్టివాడైతే చేస్తారు.

ఇక ఫోను. దీని ఆయుష్షు కథ బ్యాటరీతో మొదలవుతుంది. ఛార్జి పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల మధ్యకు దూరతాయి. వాడేటప్పుడు తిరిగి అవతలి లోహ ఆక్సైడు వైపుకు పోతాయి. మొట్టమొదటి ఛార్జిలోనే గ్రాఫైటు మీద ఎలక్ట్రోలైటు కొంచెం విరిగి ఒక పలుచని పొర కడుతుంది. ఆ పొర కావాలి, అది లేకపోతే బ్యాటరీ నిలవదు. కానీ అది అక్కడితో ఆగదు. ఏడాదికేడాది మందమవుతూ, ఉన్న లిథియంలో కొంత మింగేస్తుంది. బ్యాటరీ లోపలి నిరోధాన్ని పెంచుతుంది. వేడి దీన్ని తొందరపెడుతుంది. నూటికి నూరు శాతం ఛార్జితో రాత్రంతా ఉంచడం కూడా తొందరపెడుతుంది, ఎందుకంటే నిండు ఛార్జి అంటే ఎక్కువ వోల్టేజి. మదనపల్లె చల్లటి ఊరని పేరు. అయితే టమాటా తోటలో మధ్యాహ్నం చొక్కా జేబులో, బైకు హ్యాండిల్ మీది స్టాండులో ఎండకు కాగే ఫోనుకు ఆ పేరుతో పనిలేదు.

సాధారణంగా 500 పూర్తి సైకిళ్ల తర్వాత బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి చేరుతుందని లెక్క వేస్తారు. సగం ఛార్జి రెండుసార్లు పెడితే ఒక సైకిలు. రోజుకొకసారి నిండుగా పెట్టేవాళ్లకు ఏడాదిన్నరకే అంత అవుతుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఛార్జి త్వరగా అయిపోవడం కన్నా లోపలి నిరోధం పెరగడమే పెద్ద తంటా. కెమెరా తెరిచినప్పుడో సిగ్నల్ అందని చోట ఫోను మాట్లాడినప్పుడో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. ముసలి బ్యాటరీ వోల్టేజి అప్పుడు దభీమని పడిపోతుంది. 30 శాతం చూపిస్తూనే ఫోను ఆగిపోవడానికి కారణం ఇదే.

ఈ దభీమని పడిపోవడాన్ని అడ్డుకోవడానికి 2017 జనవరిలో ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 10.2.1 లో ఒక ఏర్పాటు పెట్టింది. పాత బ్యాటరీ ఉన్న ఐఫోను ప్రాసెసరు వేగం తనంతట తగ్గుతుంది. ఇంజినీరింగ్ పరంగా అది అర్థంలేని పని కాదు. కానీ ఆ సంగతి వాడేవాళ్లకు చెప్పలేదు. ఫోను నెమ్మదించిందని జనం కొత్తది కొన్నారు, నిజానికి బ్యాటరీ మారిస్తే చాలు. డిసెంబరులో విషయం బయటపడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ జరిమానా ఫోనును నెమ్మదింపజేసినందుకు పడలేదు, చెప్పకుండా దాచినందుకు పడింది.

వస్తువు ఎంతకాలం ఉంటుందో దానిలోని గట్టి భాగాన్ని చూసి చెప్పలేం. మార్చడానికి వీల్లేని భాగాన్ని చూసి చెప్పాలి. మోటారులోనూ బలహీనమైన ఇన్సులేషన్ ఉంది, అరిగే బుష్ ఉంది. అవన్నీ స్పానరుకు అందుతాయి. ఒకప్పటి నోకియా ఫోను వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకునేవాళ్లం. ఇప్పుడు గాజు పలకను వేడిచేసి జిగురు కరిగించి తీయాలి, అందులో డిస్‌ప్లే పగిలితే బ్యాటరీ కన్నా దానికే ఎక్కువ ఖర్చు. పలుచన కోసం, నీళ్లు దూరకుండా ఉండడం కోసం జిగురు అని కంపెనీలు చెబుతాయి. కొంత నిజమే. ఆ కారణంతో సరిపెట్టుకోకుండా యూరప్ చట్టమే చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతిలో ఇమిడే పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే మార్చుకోగలిగేలా ఉండాలని నియమం, కొన్ని మినహాయింపులతో. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే స్మార్ట్‌ఫోన్ల విడిభాగాలు ఏడేళ్ల పాటు దొరకాలి.

బ్యాటరీ మార్చినా బతకని ఫోన్లు ఉన్నాయి. వాటిది సాఫ్ట్‌వేర్ చావు. ఫోనులోని ప్రధాన చిప్‌కు, ఆండ్రాయిడ్‌కు మధ్య డ్రైవర్లనే ప్రోగ్రాములు ఉంటాయి. వాటిని రాసేది చిప్ తయారుచేసిన కంపెనీ. ఆ కంపెనీ పాత చిప్‌ను వదిలేస్తే ఫోను కంపెనీ కొత్త ఆండ్రాయిడ్ ఇవ్వాలనుకున్నా చిక్కే. పాత ఆండ్రాయిడ్‌లో భద్రతా లోపాలు మూసేవాళ్లు ఉండరు, కొత్త ఎన్‌క్రిప్షన్ పద్ధతులు ఉండవు. అందుకని యాప్‌లు ఒక గీత గీస్తాయి. 2023 అక్టోబరు 24న వాట్సాప్ ఆండ్రాయిడ్ 5 కన్నా పాతవాటిని వదిలేసింది. తక్కువ డబ్బుకు దొరుకుతుందని కొన్నవాళ్లకే ఈ గీత ఎక్కువ తగిలింది. 2017లో వచ్చిన జియోఫోన్‌లో నడిచేది కైఓఎస్. 2018లో దానికి వాట్సాప్ వచ్చింది. 2024 జూన్ తర్వాత కైఓఎస్ ఫోన్లలో కొత్తగా దించుకునే వీలు పోయింది. బటన్లు పనిచేస్తున్నాయి, బ్యాటరీ తీసి మార్చుకోవచ్చు, ఫోను మాత్రం సగం పనికే మిగిలింది. ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శాంసంగ్ ఎస్24కి మాటిచ్చాయి. ఆ ధర పెట్టగలిగేవాళ్లకే ఆ ఏడేళ్లు.

బలవంతపు మార్పు ప్రతిదీ మోసమేమీ కాదు. దీనికి మంచి ఉదాహరణ మన పల్లెల్లో చేతిలో పట్టుకుని తిరిగే వేలిముద్ర యంత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషన్ షాపుల్లో ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. పింఛన్లు, బ్యాంకు మిత్రల దగ్గర ఆధార్‌తో డబ్బు తీసుకోవడం, అన్నిటికీ వేలిముద్రే. పాత స్కానర్లను ఎల్0 అంటారు. వాటిలో సెన్సరు వేలి బొమ్మ తీసి పక్కనున్న ఫోనుకో ట్యాబ్‌కో ఇస్తుంది, సంతకం చేసి తాళం వేసే పని ఆ ఫోనులోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఆ ఫోనులోకి దొంగ ప్రోగ్రాము చొరబడితే, ఎప్పుడో దాచిన వేలిముద్ర బొమ్మను మధ్యలో దూర్చి, ముసలమ్మ వేలు పెట్టకుండానే ఆమె ఖాతాను ఖాళీ చేసే ప్రమాదం ఉంది. ఎల్1 పరికరంలో తాళంచెవి స్కానరు లోపలి భద్రమైన చిప్‌లోనే ఉంటుంది. బొమ్మ బయటికి వచ్చేసరికే తాళం పడి ఉంటుంది. అందుకే ఆధార్ సంస్థ ఎల్0 యంత్రాలను ఆపేసి ఎల్1కు మారమంది.

కారణం న్యాయమైనదే. కానీ బ్యాంకు మిత్ర సొంత డబ్బుతో కొనుక్కున్న స్కానరు, సెన్సరు గాజు మీద ఒక్క గీత లేనిది, ఒక తేదీ తర్వాత బల్ల మీద బరువుగా మిగిలింది. భద్రత దేశమంతటికీ కావాలి, దాని ఖర్చు మాత్రం కమీషన్ మీద బతికే మనిషి నెత్తిన పడింది. పాతది ఇచ్చి కొత్తది తక్కువకు తీసుకునే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాల్సిన చోటు ఇది.

టీవీ పెట్టెల సంగతి ఇంకా విడ్డూరం. 2017 మార్చి 31తో పల్లెల్లో కూడా అనలాగ్ కేబుల్ ఆగి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరైంది. అదే ఏడాది డిసెంబరులో నెలకు 149 రూపాయలకు ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది, దానికి పెట్టె వేరు. కేబులైనా డిష్‌ అయినా కంపెనీ మారితే పాత పెట్టె మూలన పడుతుంది. లోపల బొమ్మను విప్పే చిప్ దాదాపు ఒకే తీరుది, తాళంచెవి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోటి. ఏ పెట్టెలోనైనా ఏ కంపెనీ ప్రసారమైనా రావాలని 2020 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. సిమ్ మార్చినంత సులువుగా పెట్టె మారడం మాత్రం ఇంకా రాలేదు.

కుప్పం వాళ్లకు ఈ మొత్తం కథలో మరో పుట గుర్తుండాలి. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల కార్యక్రమం పెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. స్వయం సహాయక బృందాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి ఫోటోగ్రాఫర్లుగా తయారుచేశారు. కరెంటు లేని ఊళ్లో నిలబడి పాస్‌పోర్టు సైజు ఫోటో అచ్చువేసి ఇచ్చారు వాళ్లు. గొప్ప ఆలోచనే. ఆ కాలపు కంప్యూటర్లలో ఎక్కువగా నడిచిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆగిపోయింది. హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రింటర్లలో కొన్ని 2016 సెప్టెంబరు 13న ఒక్కసారిగా ఇతర కంపెనీల ఇంకు కార్ట్రిడ్జ్‌లను తిరస్కరించాయి. నడిచే ప్రింటరు, నిండుగా ఇంకు, మధ్యలో ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్. గొడవయ్యాక కంపెనీ ఆ అడ్డు లేని ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. ప్రింటరును చవకగా అమ్మి ఇంకులో రాబట్టుకునే వ్యాపారంలో, కొన్నవాడి ఇంట్లో ఉన్న యంత్రం మీద అమ్మినవాడి పెత్తనం ఇంకా తెగలేదన్నమాట. మోటారు కంపెనీ వాడు రాత్రికి రాత్రి వచ్చి మన వైండింగ్ తీగను ఒప్పుకోను అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్రభుత్వాలు నిద్రపోలేదు, పూర్తిగా లేవనూ లేదు. ఉద్దేశపూర్వకంగా వస్తువు ఆయుష్షు తగ్గించడాన్ని ఫ్రాన్స్ 2015లోనే నేరంగా చేర్చింది, రెండేళ్ల జైలు, మూడు లక్షల యూరోల జరిమానా దాకా పోవచ్చు. 2021లో అక్కడ ఫోను పక్కన ధరతో పాటు దాన్ని బాగుచేయడం ఎంత సులువో పదికి ఇన్ని మార్కులని రాయడం మొదలైంది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధి. రిపేరు మార్కుల పద్ధతి మీద మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. కానీ మన షాపుల్లో ఫోను డబ్బా మీద కెమెరా మెగాపిక్సెళ్లు కనబడతాయి, భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో కనబడదు. ఆ ఒక్క సంవత్సరాన్ని డబ్బా మీద అచ్చువేయించడం కన్నా చవకైన సంస్కరణ నాకు కనబడటం లేదు.

అది వచ్చేదాకా కొనేవాళ్లే అడగాలి. బ్యాటరీ, డిస్‌ప్లే పుంగనూరులోనో మదనపల్లెలోనో దొరుకుతాయా, ఎంతకు? అప్‌డేట్లు ఎన్నేళ్లు? వేరే కంపెనీ ఇంకు, వేరే కంపెనీ సిగ్నలు తీసుకుంటుందా? షాపువాడు నీళ్లు నమిలితే పక్క షాపుకు పోండి. బిల్లు తీసుకోండి, దాచుకోండి. గ్యారంటీలో ఉన్న వస్తువును బాగుచేయకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, వస్తువును ఎక్కడి నుంచి తెప్పించుకున్నా సరే. వకీలు తప్పనిసరి కాదు. ఐదు లక్షల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు.